లేబుల్ మీద బీఫ్, లోపల గుర్రం

ఒరేయ్ రవీ,

గుర్రం మాంసం తింటే ఏమవుతుందిరా అని అడిగావుగా. గుర్రమని చెప్పి, గుర్రానికి చేయాల్సిన పరీక్షలన్నీ చేసి అమ్మితే ఏమీ కాదు. ఫ్రాన్స్, ఇటలీ, కజకిస్తాన్‌లలో తింటూనే ఉన్నారు, జపాన్‌లోనైతే పచ్చిదే తింటారు. కొవ్వు తక్కువ, ఇనుము ఎక్కువ. గ్లైకోజన్, అంటే కండలో నిల్వ ఉండే చక్కెర పదార్థం ఎక్కువ కాబట్టి కాస్త తియ్యగా తగులుతుంది. చిక్కల్లా అది బీఫ్ వేషం కట్టినప్పుడే. పేరు మారిందంటే దాని వెంట రావాల్సిన కాగితాలూ మాయమైనట్టే.

2013లో యూరప్‌లో బీఫ్ పేరుతో గుర్రం మాంసం అమ్మిన గొడవ గుర్తుందా? ఆ ఏడాది జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ 27 రకాల బీఫ్ బర్గర్లు పరీక్షించిన ఫలితాలు బయటపెట్టింది. 10 రకాల్లో గుర్రం డీఎన్ఏ, 23 రకాల్లో పంది డీఎన్ఏ! చాలావాటిలో ఉన్నది జాడ మాత్రమే. టెస్కో అనే సూపర్ మార్కెట్ అమ్మిన ఒకదాంట్లో మాత్రం బీఫ్‌తో పోలిస్తే గుర్రం 29 శాతం తేలింది. మరుసటి నెల బ్రిటన్‌లో ఫైండస్ కంపెనీ లసాన్యా (కీమా పొరలు పేర్చి చేసే ఇటాలియన్ వంటకం) పరీక్షిస్తే ఏకంగా 60 నుంచి 100 శాతం. జాడకీ ఈ అంకెలకీ ఉన్న తేడా చూడు. ఒకే మిషన్ మీద రెండు రకాల మాంసం ఆడించి, మధ్యలో సరిగ్గా కడక్కపోతే జాడ మిగులుతుంది. అందుకే అప్పటి పరీక్షల్లో 1 శాతాన్ని గీతగా పెట్టుకున్నారు. 60 శాతమంటే మాత్రం కడగకపోవడం వల్ల వచ్చింది కాదు, ఎవరో కావాలని పోసింది.

ఆ లసాన్యా మాంసం వచ్చిన దారి చూస్తే తల తిరుగుతుంది. రొమేనియా కబేళాల్లో గుర్రాన్ని చట్టప్రకారమే కోసి, గుర్రంగానే అమ్మారు. అక్కణ్ణుంచి సైప్రస్‌లో కంపెనీ పెట్టుకున్న డచ్ దళారి చేతికి, నెదర్లాండ్స్ కోల్డ్ స్టోరేజీకి, దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంసం కంపెనీకి, లక్సెంబర్గ్ ఫ్యాక్టరీకి, చివరికి బ్రిటన్ సూపర్ మార్కెట్లకి. మధ్యలో ఎక్కడో గుర్రం కాస్తా బీఫ్ అయిపోయింది. 2019లో పారిస్ కోర్టు ఇందులో ఉన్నవాళ్లని దోషులుగా తేల్చి శిక్షలు వేసింది.

కంటితో పట్టుకోలేరా అంటావేమో. పెద్ద ముక్కైతే తెలిసినవాడు పడతాడు. గుర్రం మాంసం ముదురు ఎరుపు, గాలి తగిలితే ఇంకా నల్లబడుతుంది. కొవ్వు పసుపుగా, మెత్తగా ఉంటుంది. కానీ సరుకు వచ్చేది గడ్డకట్టిన దిమ్మల్లో, తరుగు ముక్కలుగా. కీమా కొట్టి మసాలా కలిపాక బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. అప్పుడిక డీఎన్ఏని బట్టి జంతువుని తేల్చే పీసీఆర్ పరీక్షే గతి. వండినా డీఎన్ఏ కొంత మిగులుతుంది కాబట్టి లసాన్యాలో కూడా దొరికింది. రెండు మెలికలున్నాయి. ఏ జంతువు కోసం వెతికితే అదే దొరుకుతుంది, కాబట్టి గుర్రం ఉంటుందని అనుమానించనివాడికి గుర్రం కనపడదు. ఇంకోటి, డీఎన్ఏ శాతం మాంసం బరువుతో అచ్చంగా సరిపోదు.

నన్నడిగితే ల్యాబ్ కంటే ముందు లెక్కల పుస్తకం తెరవాలి. ఫ్యాక్టరీ 600 కిలోల బీఫ్ కొన్నదనుకో. బర్గర్‌లో 60 శాతం బీఫ్ అని లేబుల్ మీద ఉంటే, అందులోంచి 1000 కిలోల బర్గర్లకి మించి రావు. 1300 కిలోలు అమ్మినట్టు బిల్లులుంటే, మిగతా 180 కిలోల మాంసం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఈ ప్రశ్న చెప్పాపెట్టకుండా వెళ్లి అడగాలి. ముందుగా కబురు పెట్టి వెళ్తే కాగితాలన్నీ ముచ్చటగా సర్ది ఉంటాయి.

ఇక ఆరోగ్యం మాట. గుర్రాల నొప్పులకి ఫినైల్‌బ్యూటజోన్ అనే మందు వాడతారు, గుర్రాలు పెంచేవాళ్ల భాషలో బ్యూట్. ఒకప్పుడు మనుషుల కీళ్లనొప్పులకీ ఇచ్చేవారు. అరుదుగా కొందరికి ఎముకమజ్జ రక్తం తయారుచేయడం మానేస్తుందని తేలాక చాలావరకు ఆపేశారు. యూరప్‌లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు, అంటే గుర్తింపు పుస్తకం ఉండాలి. బ్యూట్ ఒక్కసారి ఇచ్చినా ఆ గుర్రం జన్మలో తిండికి పనికిరాదని అందులో రాయాలి. ఇంకొన్ని మందులకైతే, ఇచ్చాక ఆరు నెలలు ఆగి కోస్తే చాలు. అప్పట్లో బ్రిటన్‌లో 206 గుర్రాల కళేబరాలు పరీక్షిస్తే ఎనిమిదింట్లో బ్యూట్ దొరికింది, ఎక్కువలో ఎక్కువ కిలోకి 1.9 మిల్లీగ్రాములు. మనిషికిచ్చే రోజు మోతాదుకి దగ్గర పడాలంటే పూర్తిగా గుర్రం మాంసంతో చేసిన బర్గర్లు రోజుకి 500–600 తినాలని అక్కడి ప్రధాన వైద్యాధికారి చెప్పారు. మరి నిషేధమెందుకు? ఆ మజ్జ జబ్బు మోతాదుని బట్టి రాదురా, ఎవరి ఒంటికి పడదో ముందుగా తెలీదు. ఇంతవరకు ఫర్వాలేదు అని గీత గీయలేకపోయారు.

నేనైతే బ్యూట్ కంటే ట్రైకినెల్లాకి ఎక్కువ భయపడతాను. కండలో దాక్కునే పురుగు అది. మాంసం తింటే పట్టే పురుగు గడ్డి తినే జంతువుకి ఇదేంటనుకోకు, ఫ్రాన్స్, ఇటలీల్లో గుర్రం మాంసం పచ్చిగా, సగం ఉడికించి తిన్నవాళ్లకి వచ్చింది. అందుకే కబేళాలో నాలుక నుంచో దవడ కండ నుంచో కనీసం 10 గ్రాములు తీసి, అందులో 5 గ్రాములు పెప్సిన్ (మాంసాన్ని అరిగించే ఎంజైమ్), హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, మైక్రోస్కోప్ కింద పురుగు పిల్లల కోసం వెతుకుతారు. దొంగచాటుగా కోసిన గుర్రానికి ఇదంతా ఎవడు చేస్తాడు? ఫ్రీజర్లో పెట్టాంగా అని ధీమా పడొద్దు, గుర్రం మాంసంలో ఈ పురుగు చలికి తట్టుకున్న సందర్భాలున్నాయి. ముక్క లోపల 71 డిగ్రీలు దాటేలా ఉడికిస్తే చస్తుంది.

కాలేయం, మూత్రపిండాలు మాత్రం ముట్టుకోకు. గుర్రాలు చాలా ఏళ్లు బతుకుతాయి, తిన్న గడ్డిలోని కాడ్మియం అనే విషపు లోహం ఆ అవయవాల్లోనే పేరుకుంటుంది. మామూలు కండకి కూడా యూరప్ పెట్టిన హద్దు కిలోకి 0.2 మిల్లీగ్రాములు, బీఫ్‌కైతే 0.05.

ఇంకేమైనా అనుమానాలుంటే రాయి. ఉంటానురా.

నీ
సుబ్బు