గ్రూప్ డైనింగ్ పేరుతో మీ యాప్ ఇచ్చిన తప్పుడు వివరాలపై ఫిర్యాదు

హైదరాబాద్,
10 నవంబర్ 2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
హోటల్ టేబుల్ బుకింగ్ యాప్ సంస్థ.

విషయం: అక్టోబర్ 31న 24 మందికి చేసిన గ్రూప్ బుకింగ్‌లో తప్పుడు వివరాలు, బిల్లులో తగ్గించని అడ్వాన్సు, చెప్పకుండా కలిపిన సర్వీస్ చార్జి, తొలగించిన రివ్యూ గురించి.

నమస్కారం.

నేను నల్లకుంట ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. అక్టోబర్ 31న మా స్కూల్ అటెండర్ రిటైర్ అయ్యారు. మేమంతా ఆమెను అక్కా అని పిలుస్తాం. మాలో చాలామంది ఆ స్కూల్లో చేరకముందు నుంచే ఆమె అక్కడ పనిచేస్తున్నారు. అక్కకు మంచి హోటల్లో భోజనం పెట్టాలని స్టాఫ్ అంతా తలా 500 రూపాయలు వేసుకున్నాం. అక్క, ఆమె భర్త, కూతురితో కలిపి 24 మంది. అతిథులు ముగ్గురినీ తీసేస్తే 21 మంది చందా, అంటే మా చేతిలో ఉన్నది 10,500 రూపాయలు. హోటల్ చూసే బాధ్యత నాకు అప్పగించారు.

మామూలుగా ఇలాంటి భోజనాలు చిక్కడపల్లిలో మాకు తెలిసిన ఒక మెస్సులో పెట్టుకుంటాం. ఈసారి అది రిపేర్ల కోసం మూసి ఉంది. అందుకే మీ యాప్ తెరిచాను. ‘గ్రూపులకు అనుకూలం’ అనే ఫిల్టర్ పెడితే హిమాయత్‌నగర్ వైపు ఉన్న ఒక రెస్టారెంట్ మొదట కనిపించింది. 40 మంది దాకా గ్రూపులు, లిఫ్ట్ ఉంది, వెజ్‌కు వేరే కిచెన్, ఇద్దరికి సుమారు 800 రూపాయలు అని మీ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. అంటే మనిషికి 400. మా డబ్బుకు సరిపోతుంది. మనిషికి 50 రూపాయల చొప్పున 1,200 రూపాయలు అడ్వాన్సు మీ యాప్‌లో కట్టాను. బిల్లు కూడా యాప్‌లోనే కడితే ఆ మొత్తం తగ్గిస్తామని ఆ పేజీలోనే ఉంది.

ప్రత్యేక సూచనలు రాసే పెట్టెలో మూడు విషయాలు రాశాను. అందరం ఒకేచోట కూర్చోవాలి. ఒక పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. కార్తీక మాసం కాబట్టి తొమ్మిది మంది శాకాహారం, అందులో ఇద్దరు ఉల్లి, వెల్లుల్లి తినరు. ‘కన్ఫర్మ్ అయింది’ అని మెసేజ్ వచ్చింది. అయినా నోటితో ఒకసారి చెప్పాలనిపించి, పేజీలో ఉన్న నంబర్‌కు ఫోన్ చేశాను. అది హోటల్ నంబర్ కాదు, మీ కాల్ సెంటర్‌ది. హోటల్‌తో మాట్లాడించమని అడిగితే, ‘కన్ఫర్మ్ అయింది కదా మేడమ్, టెన్షన్ పడకండి’ అన్నారు.

ఆ సాయంత్రం అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ భవనంలో లిఫ్టే లేదని. 40 మంది అంటే కింద, పైన ఉన్న రెండు అంతస్తుల్లోని కుర్చీలన్నీ కలిపితే వచ్చే లెక్కట. మాకు కింద పది మందికి, పైన పద్నాలుగు మందికి టేబుళ్లు ఇచ్చారు. మేనేజర్‌ని అడిగితే తన ట్యాబ్ తిప్పి చూపించాడు. అందులో నా పేరు, 24 అనే అంకె, 7 గంటల టైమ్ తప్ప ఇంకేమీ లేదు. నేను రాసిన మూడు విషయాల్లో ఒక్కటి కూడా ఆయనకు చేరలేదు. అవి మీ యాప్‌లోనే ఆగిపోయాయి.

అక్క మెట్లెక్కలేరు కాబట్టి కుటుంబంతో కింద కూర్చున్నారు. వాళ్లతో పాటు మాలో ఏడుగురికే చోటు దొరికింది. హెడ్‌మిస్ట్రెస్‌తో సహా మిగతావాళ్లంతా పైకి వెళ్లాల్సి వచ్చింది. శాలువా కప్పడానికి, మాట్లాడటానికి అందరం ఒకచోట నిలబడేంత స్థలం లేక, క్యాష్ కౌంటర్ ముందు పార్శిల్ కోసం నిలబడ్డ వాళ్ల మధ్యే కానిచ్చేశాం. పైనున్న వాళ్లలో కొందరు అప్పటికే తినడం మొదలుపెట్టారు, వాళ్లకు ఆ సంగతే తెలియలేదు. అక్క ఏమీ అనలేదు. పైవాళ్లకు వడ్డన అయిందా అని మమ్మల్నే అడుగుతూ కూర్చున్నారు. జీవితంలో ఒక్కసారి వచ్చే సందర్భం అది. దానికి మీరు ఎలాంటి కూపన్ ఇచ్చినా సరిపోదు.

వెజ్ కిచెన్ కూడా వేరేగా లేదు. వంట ఒకే కిచెన్లో అని సర్వర్ నిజాయితీగా చెప్పాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి. నియమం ఉన్న ఇద్దరూ పెరుగన్నం తెప్పించుకున్నారు, అది కూడా తాలింపు లేకుండా. మా ఉర్దూ టీచర్ హలాల్ గురించి అడిగితే అక్కడ వెంటనే జవాబు చెప్పారు, మీ పేజీలో మాత్రం ఆ వివరమే లేదు. హైదరాబాద్‌లో నడిచే యాప్‌లో అది లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఇక బిల్లు. 15 మంది దాటితే సెట్ మెనూ తప్పనిసరి, మనిషికి 549 రూపాయలు, వెజ్ అయినా నాన్‌వెజ్ అయినా అదే రేటు అని కూర్చున్నాక చెప్పారు. పెరుగన్నం తిన్నవాళ్లకూ అదే. 24 మందికి 13,176 రూపాయలు. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 1,317.60. రెండూ కలిపిన మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ 724.68. అంతా కలిపి 15,218.28 రూపాయలు. యాప్‌లో కట్టడానికి చూస్తే, సెట్ మెనూకు అడ్వాన్సు వర్తించదని వచ్చింది. చివరికి మాకు పడింది 16,418.28. మీ పేజీలో ఉన్న రేటుతో లెక్కేస్తే 24 మందికి 9,600 కావాలి. స్టాఫ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, స్వీపర్ కూడా ఉన్నారు. మిగిలిన డబ్బు వాళ్ల దగ్గర అడగలేక మాలో కొందరం సర్దుకున్నాం. 500 రూపాయలు ఇవ్వడానికే ఆలోచించుకునే వాళ్లుంటారని గ్రూపులకు హోటళ్లు చూపించే సంస్థకు తెలిసి ఉండాలి.

సర్వీస్ చార్జి హోటల్ వ్యవహారం, మాకు సంబంధం లేదు అని మీరు రాయొచ్చు. ఆ బిల్లు మీ యాప్ ద్వారా వసూలైంది, రసీదు మీ పేరుతో వచ్చింది. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని, దాన్ని కలిపిన మొత్తంపై జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. మేం తీసేయమని అడిగితే, సిస్టమ్‌లో తీయడం కుదరదని మేనేజర్ అన్నాడు. వడ్డించిన కుర్రాళ్లకు మేం విడిగా టిప్పు ఇచ్చాం. ఈ గొడవలో వాళ్ల తప్పేమీ లేదు.

పేజీలో ఒక ధర చూపించి, చివర్లో ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవడాన్ని డార్క్ ప్యాటర్న్ (వినియోగదారులను తప్పుదారి పట్టించే డిజైన్) అంటూ అదే ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో నోటిఫై చేసింది. ప్రకటనను మామూలు సమాచారంలా చూపించడం కూడా ఆ జాబితాలో ఉంది. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ‘గ్రూపులకు అనుకూలం’ అనే ట్యాగ్ ఎలా వచ్చిందని అడిగితే, మీ దగ్గర డబ్బు కట్టి ప్లాన్ తీసుకున్నాం కాబట్టి వచ్చిందని ఆ మేనేజరే చెప్పాడు. అది నిజమా కాదా నాకు రాతపూర్వకంగా చెప్పండి. నిజమైతే, ఎవరూ వెళ్లి కుర్చీలు చూడలేదు, మెట్లు చూడలేదు, కిచెన్ చూడలేదు. లేని లిఫ్ట్ మీ పేజీలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. సైట్‌లో అమ్మకందారుల ర్యాంకింగ్ ప్రధానంగా దేన్నిబట్టి ఉంటుందో వినియోగదారులకు వివరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మీ యాప్‌లో అది నాకు ఎక్కడా కనిపించలేదు.

మేం వెళ్లే మెస్సు సంగతి ఇక్కడ చెప్పాలి. అక్కడికి ఫోన్ చేస్తే క్యాషియర్ గారే ఎత్తుతారు. ఎంతమంది అని అడిగి ఊరుకోరు. పెద్దవాళ్లు ఎంతమంది, చిన్నపిల్లలున్నారా, వెజ్ ఎందరు, అందరూ ఒకేసారి వస్తారా విడివిడిగా వస్తారా, కేక్ కోస్తారా అని అడుగుతారు. ‘ఒంటిగంటకు రష్ ఎక్కువ, రెండున్నరకు రండి, పై హాల్ మీకే’ అంటారు. మెట్లెక్కలేని వాళ్లుంటే కిందే టేబుళ్లు కలిపి ఉంచుతారు. రేటు ముందే చెప్పేస్తారు, అన్నం, పప్పు, సాంబారు ఎంత వడ్డించినా అదే రేటు. చిక్కడపల్లి, నారాయణగూడ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల ఇలా గ్రూపులను చూసుకునే మెస్సులు, చిన్న హోటళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో మాకు తెలిసిన చాలావాటి పేర్లు మీ యాప్‌లో ఉన్నాయి కూడా. గ్రూప్ ఫిల్టర్ పెట్టగానే మాయమవుతాయి. పదిమందికి వండి పెట్టడంలో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు వెనక్కి పోయి, ప్లాన్ కొన్నవాళ్లు ముందుకు రావడం నాకు చాలా బాధగా ఉంది. వీధి చివర ఉన్న హోటల్‌కు కూడా మీ యాప్ చూసే వెళ్లే రోజులు వచ్చాయి. కాబట్టి నష్టం మా ఒక్క స్కూల్‌కే కాదు, వాళ్లకూ జరుగుతోంది.

ఇంకొకటి. బుకింగ్ టైమ్‌కు 15 నిమిషాలు దాటితే టేబుల్ వదిలేస్తామని మీ నియమం. ఇద్దరు వచ్చే టేబుల్‌కు అది సబబే. మాలో కొందరు నారాయణగూడలో మెట్రో దిగి నడిచి వచ్చారు, కొందరు బస్సుల్లో, కొందరు ఆటోల్లో. శుక్రవారం సాయంత్రం ఆ రోడ్ల మీద 24 మంది ఒకే నిమిషానికి చేరడం జరగని పని. ముందు వచ్చిన నలుగురు సీట్లు పోకుండా గొడవపడాల్సి వచ్చింది. పైగా గంటన్నరలో ఖాళీ చేయాలని స్టార్టర్లు వచ్చాక చెప్పారు, అది కూడా మీ పేజీలో లేదు.

ఆ రాత్రే మీ చాట్‌లో ఫిర్యాదు చేశాను. మొదట యంత్రం జవాబులు, తర్వాత ఒక మనిషి. 150 రూపాయల కూపన్ పంపి టికెట్ మూసేశారు. మర్నాడు జరిగింది జరిగినట్టు రివ్యూ రాశాను. ఒక్క దురుసు మాట లేదు, వడ్డించినవాళ్లను మెచ్చుకున్నాను కూడా. రెండు రోజుల తర్వాత ‘మా మార్గదర్శకాలకు అనుగుణంగా లేదు’ అని తీసేశారు. ఏ వాక్యం, ఏ మార్గదర్శకం అని అడిగితే జవాబు లేదు. ఇంట్లో పెద్దవాళ్లున్న ఇంకో కుటుంబం ఆ పేజీలో లిఫ్ట్ ఉందని చదివి వెళ్తుంది. వాళ్లకు తెలియాలనే అది రాశాను. ఆ రివ్యూను యథాతథంగా తిరిగి పెట్టండి.

డబ్బు విషయంలో నేను అడిగేది, అడ్వాన్సు 1,200 రూపాయలు, సర్వీస్ చార్జి 1,317.60, దాని మీద వేసిన జీఎస్టీ 65.88, కలిపి 2,583.48 రూపాయలు. కూపన్‌గా వద్దు, కట్టిన ఖాతాకే వెనక్కి వేయండి. సెట్ మెనూ వల్ల పెరిగిన మొత్తానికి మీరు ఏం చేస్తారో కూడా రాయండి.

డబ్బు కన్నా ముఖ్యంగా ఆ పేజీని వెంటనే సరిచేయాలి. లిఫ్ట్ లేదని, కిచెన్ ఒకటేనని, 15 మంది దాటితే సెట్ మెనూ అని, దాని ధర ఎంతో రాయండి. గ్రూప్ ట్యాగ్ ఇచ్చే ప్రతి హోటల్లోనూ ఒకే గదిలో కలిపి ఎంతమంది కూర్చోగలరో వెళ్లి చూశాకే ఇవ్వండి. వినియోగదారు రాసిన సూచన హోటల్ స్క్రీన్ మీద కనిపించాలి, హోటల్ వాళ్లు దాన్ని చదివి ఒప్పుకున్నాకే ‘కన్ఫర్మ్’ అని మెసేజ్ రావాలి. పది మంది దాటిన బుకింగ్‌కైనా హోటల్ కౌంటర్ నంబర్ ఇవ్వండి. ఆ రోజు ఒక్క నిమిషం మేనేజర్‌తో మాట్లాడగలిగితే నేను వేరే హోటల్ చూసుకునేదాన్ని.

బుకింగ్ మెసేజ్, నేను రాసిన సూచనల స్క్రీన్‌షాట్, ఆ రోజు మీ పేజీ ఎలా ఉందో చూపే ఫొటోలు, బిల్లు, చాట్ కాపీ, తొలగించిన రివ్యూ ఈ లేఖతో జతచేశాను. నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 నంబర్‌లో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. స్టాఫ్ అంతా సంతకాలు చేసిన కాపీని పోస్టులో కూడా పంపుతున్నాను.

మీ జవాబు మనిషి రాసినదై ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
లెక్కల ఉపాధ్యాయిని,
నల్లకుంట, హైదరాబాద్.
(బుకింగ్ వివరాలు, ఫోన్ నంబర్ జతచేసిన కాగితాల్లో ఉన్నాయి.)