చర్చ మొదలయ్యాక తెర ఎందుకు?

సంపాదకుల వారికి,

జెడ్పీ సర్వసభ్య సమావేశమైనా, మున్సిపల్ కౌన్సిలైనా పవర్‌పాయింట్ లేనిదే ఏ శాఖా నోరు విప్పడం లేదు. నివేదిక చెప్పడానికి తెర వాడితే తప్పు లేదు. చిక్కల్లా 'ఇక సభ్యులు మాట్లాడవచ్చు' అని అధ్యక్షస్థానం చెప్పాక కూడా ఆ తెర వెలుగుతూ ఉండడమే. అధికారి కూర్చున్నా ఆయన వాదన గోడ మీద నిలబడే ఉంటుంది. ఎదురు అడిగే సభ్యుడికి ఉన్నది అజెండా కాగితం, ఒక మైకు. అదీ పనిచేస్తే.

ముందు టైము సంగతి. శాఖకు 12 స్లైడ్లు, స్లైడుకు 2 నిమిషాలు అనుకుంటే 24 నిమిషాలు. పది శాఖలకు 4 గంటలు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో జెడ్పీటీసీ స్థానాలు 38. ఒక్కొక్కరికి మూడేసి నిమిషాలిచ్చినా 114 నిమిషాలు కావాలి. ఎమ్మెల్యేలు, ఎంపీపీల మాట పక్కన పెట్టండి. పదకొండింటికి మొదలైన సభలో ఆ 114 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? భోజనాల తర్వాత సగం ఖాళీ అయిన కుర్చీల ముందు తీర్మానాలు గడగడా చదివేయడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

రెండోది, స్లైడులో ఏది పట్టదో చూడాలి. ఒక కాలువ పొడవు 40 కిలోమీటర్లనుకోండి. 34 కిలోమీటర్లు పూడిక తీశారు. తెర మీద పెద్ద అక్షరాల్లో '85 శాతం పూర్తి' అని పడుతుంది. లెక్క తప్పు కాదు. కానీ మిగిలిన 6 కిలోమీటర్లూ శివారులోనే ఉంటే, నీరందని రైతుకు జరిగిన పని సున్నా. కిలోమీటర్ల వారీ పట్టిక కాగితం మీద ఉంటే ఏ సభ్యుడైనా వేలు పెట్టి చూపిస్తాడు. స్లైడులో ఆ పట్టిక పట్టదు, పట్టినా చివరి వరుసకు కనబడదు.

ఇది మన జిల్లాల జబ్బే కాదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంపై విచారణ బోర్డు, సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టుకున్న అలవాటును ప్రత్యేకంగా తప్పుపట్టింది. నౌక ఎగిరేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలింది. దాని మీద ఇంజనీర్లు చూపిన ఒక స్లైడు శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. అసలు సంగతి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇక్కడి అంచనా 1,920. అంటే 640 రెట్లు! అంత పెద్దవాళ్ల దగ్గరే అడుగు వరుస కళ్లకు ఆనలేదు.

కాబట్టి ప్రజెంటేషన్‌ను అజెండాలో విడిగా ఒక అంశంగా రాయండి, పది నిమిషాలకు మించనివ్వకండి. స్లైడ్ల ప్రింటు నోటీసుతో పాటే సభ్యులకు చేరాలి. ప్రతి స్లైడుకూ నంబరు ఉండాలి, '7వ స్లైడులో రెండో వరుస' అని అడగడానికి. ప్రశ్నలు మొదలవగానే, పవర్‌పాయింట్‌లో అయితే, కీబోర్డు మీద 'బి' నొక్కితే తెర నల్లబడుతుంది. ఏదైనా స్లైడు మళ్లీ కావాలని సభ్యుడు అడిగితే ఇంకోసారి నొక్కడమే. దీనికి ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు.

హాల్లో లైట్లన్నీ ఆర్పేసే అలవాటు మానాలి. చీకట్లో సభ్యుడు కాగితం చదవలేడు, అధ్యక్షులకు లేచిన చెయ్యి కనబడదు, మినిట్స్ రాసేవారి అవస్థ సరేసరి. తెరకు దగ్గరి వరుస లైట్లు ఆర్పితే చాలు. చివరి కుర్చీ దూరం తెర ఎత్తుకు ఆరు రెట్లు దాటకూడదు. 6 అడుగుల తెరకు 36 అడుగులన్నమాట. ఒత్తులు, గుణింతాలు కలిసిపోకుండా తెలుగుకు వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలు వేరే ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి. పీడీఎఫ్‌గా మార్చి తెస్తే ఆ గొడవ ఉండదు. మధ్యలో కరెంటు పోతే బల్బు రకం ప్రొజెక్టరు చల్లారేదాకా వెలగదు. యూపీఎస్ ల్యాప్‌టాప్‌కు కాదు, ప్రొజెక్టరుకు తగిలించాలి.

చర్చలో తెర పనికొచ్చే సందర్భం ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ వాడరు. తీర్మానానికి సవరణలు వస్తున్నప్పుడు దాని పాఠాన్ని తెర మీద ఉంచి, తీసేసే మాటలు కొట్టివేసి, చేర్చేవాటి కింద గీత గీసి చూపితే దేనికి చెయ్యెత్తుతున్నారో అందరికీ తెలుస్తుంది. 'ఆమోదించడమైనది' అని రాశాక, ఏ వాక్యాన్ని అని తగవు పడక్కర్లేదు.

ఇక సమానత్వం. లోక్‌సభ 349వ నియమం సభ్యులు సభలో జెండాలు, ప్రదర్శన వస్తువులు చూపకూడదంటుంది. 2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రి కేసీఆర్ సాగునీటి ప్రాజెక్టులపై ప్రజెంటేషన్ ఇస్తే కాంగ్రెస్ బహిష్కరించింది. ఎవరిది ఒప్పన్నది అలా ఉంచి, ఒక పక్షానికి తెర ఇచ్చి రెండోదానికి ఇవ్వకపోతే మన కౌన్సిళ్లలోనూ అదే రభస. సభ్యుడు ఫొటోలు, కొలతలు చూపాలంటే రెండు రోజుల ముందు ఫైలు ఇవ్వమనండి, అధికారికిచ్చిన తెర, అన్నే నిమిషాలు ఆయనకూ ఇవ్వండి.

సభలో చూపిన ఫైలునే ప్రింటు తీసి, అధ్యక్షుల సంతకంతో మినిట్స్‌కు జతచేయాలి. తర్వాత దిద్దిన ఫైలు కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం