మిగిలిన క్లోరిన్ బిళ్లలు ఏం చేయాలంటే

ఒరేయ్ శీనూ,

చెన్నైలో మీ షోలింగనల్లూరు అపార్ట్‌మెంట్ పూల్‌కి సాల్ట్ క్లోరినేటర్, అదే ఉప్పు కలిపిన నీళ్ల నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం, పెట్టిస్తున్నారని తెలిసి సంతోషం వేసింది. బకెట్‌లో మిగిలిన క్లోరిన్ బిళ్లల్ని చెత్తబండిలో వేసేద్దామని కమిటీలో ఎవరో అన్నారన్నావే, ఆ పని మాత్రం చేయనివ్వకు. చెత్తలో నూనె గుడ్డలు, కాగితాలు, తడి ఉంటాయి. వాటికి ఆ బిళ్ల తగిలితే నిప్పంటుకోవచ్చు, విషవాయువూ రావచ్చు.

ముందు బకెట్ మీద చీటీ చూడు. టీసీసీఏ 90 అని ఉంటే అది ట్రైక్లోరో (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్) రకం. అందులో క్లోరిన్‌తో పాటు సయనూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది, మీ పూల్ అబ్బాయి స్టెబిలైజర్ అనేది దాన్నే. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది అదే, ఉప్పు పూల్‌కీ అది కావాలి. కాకపోతే ఎక్కువైతే క్లోరిన్‌కి పస తగ్గుతుంది. పైగా నీరు ఆవిరైనా అది పోదు, నీళ్లు తీసి కొత్తవి పోస్తేనే తగ్గుతుంది. ట్యాంకర్ నీళ్లు కొనే ఊళ్లో అది ఎంత ఖర్చో నీకు వేరే చెప్పాలా?

లెక్క ఇదీ. మీది లక్ష లీటర్ల పూల్ అనుకుందాం. 200 గ్రాముల బిళ్ల ఒకటి పూర్తిగా కరిగితే క్లోరిన్ 1.8 పీపీఎం (అంటే లీటరుకి 1.8 మిల్లీగ్రాములు), స్టెబిలైజర్ 1.1 పీపీఎం పెరుగుతాయి. 5 కిలోలు మిగిలితే 25 బిళ్లలు, అన్నీ వాడితే స్టెబిలైజర్ దాదాపు 28 పెరుగుతుంది. ఇప్పుడు 20 ఉంటే నిశ్చింతగా వాడుకో. ఇప్పటికే 70 ఉంటే ఒక్కటీ వేయకు. పదిమంది దిగే పూల్ కాబట్టి నేనైతే 50 దాటనివ్వను. అందుకే ముందు టెస్ట్, తర్వాతే బిళ్ల.

వాటి అసలు అవసరం మార్పు రోజునే వస్తుంది. ఉప్పు పోశాక పంపు నడుపుతూ 24 గంటలు సెల్ (క్లోరినేటర్‌లో క్లోరిన్ పుట్టించే భాగం) ఆపి ఉంచాలి, ఉప్పంతా కరగాలి కదా. ఆ రోజు క్లోరిన్ ఈ బిళ్లలదే. ఉప్పు 3200 పీపీఎం కావాలంటే లక్ష లీటర్లకి 320 కిలోలు. కానీ చెన్నై బోరు నీళ్లలో చాలాచోట్ల ముందే ఉప్పు ఉంటుంది, కొలిచి ఆ మేరకు తగ్గించు. అయోడిన్ కలపని ఉప్పే తెప్పించు. తర్వాత కూడా సెల్‌ని కడగడానికి తీసినప్పుడో, అది పాడైనప్పుడో ఈ బిళ్లలే ఆదుకుంటాయి. ఐప్పసి, కార్తిక నెలల (అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా) వానలకి పూల్ పొంగిపోతే ఉప్పూ స్టెబిలైజరూ రెండూ పలచబడతాయి, అప్పుడూ పనికొస్తాయి.

బిళ్లని తేలే డబ్బాలోనే వేయించు, ఎవరూ దిగని వేళ, మెట్లకీ స్టీలు నిచ్చెనకీ దూరంగా తాడుతో కట్టించు. స్కిమ్మర్ (పంపుకి వెళ్లే నీళ్లలోంచి పైన తేలే చెత్తని పట్టేది) బుట్టలో వద్దు. పంపు ఆగినప్పుడు అక్కడి నీళ్లు బాగా ఆమ్లంగా మారి, మళ్లీ మోటారు వేయగానే ఒక్కసారిగా పంపు సీళ్ల మీదికీ సెల్ మీదికీ పోతాయి. ఈ బిళ్లలు పీహెచ్‌ని దించుతాయి, సెల్ పెంచుతుంది. అందుకే రెండూ కలిసి నడిచే రోజుల్లో యాసిడ్ పోసే ముందు తప్పకుండా కొలవాలి.

ఇది మాత్రం వాచ్‌మన్‌కీ పూల్ అబ్బాయికీ దగ్గరుండి చెప్పు. బ్లీచింగ్ పౌడర్, 65 శాతం కాల్షియం హైపో (కాల్షియం హైపోక్లోరైట్, ఇంకో రకం క్లోరిన్) గ్రాన్యూల్స్, ఈ బిళ్లలు ఎప్పుడూ కలవకూడదు. ఒకే మగ్గు, ఒకే డబ్బా, క్లోరిన్‌ని నీళ్లలోకి వదిలే ఫీడర్ కూడా ఒకటే వాడకూడదు. కాస్త తడి తగిలితే చాలు, మంటా క్లోరిన్ గ్యాసూ పుడతాయి, మూసి ఉన్న ఫీడరైతే పేలుతుంది. యాసిడ్ క్యాన్ పక్కనా బకెట్ పెట్టొద్దు. సొంత బకెట్‌లోనే, పొడిగా, గాలాడే చోట, నేలకి ఎత్తుగా పెట్టించు. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోమను. తడిసిన బిళ్లని తిరిగి బకెట్‌లో వేసి బిగించొద్దు.

తాగునీళ్ల సంపులో వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ఇవి తాగునీటికి చేసినవి కావు. ఇంకా మిగిలితే అదే రకం బిళ్లలు వాడే మరో పూల్ వాళ్లకి, చీటీ ఉన్న బకెట్‌తో సహా ఇచ్చెయ్.

స్టెబిలైజర్ రీడింగ్, పూల్ పొడవు, వెడల్పు, లోతు రాసి పంపు. ఎన్ని బిళ్లలు వేయొచ్చో కచ్చితంగా లెక్కగట్టి చెప్తాను.

నీ
రఘు