ఒక్క సెకను దగ్గర నన్ను ఆపిన అక్కకి

అక్క తన పేరు రాయొద్దన్నారు, రాయను. నా మొదటి ఉద్యోగంలో సీనియర్. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నారు. 2025 సెప్టెంబరులో ఆఫీసు పని ముగించుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, మూడు రాత్రులు నాకోసం ఫోన్లో కూర్చున్నారు. ఫోన్లో థాంక్స్ చెప్పాను కానీ అది సరిపోలేదని నా మనసుకి తెలుసు. అసలు ఆవిడ చేసిన సాయం ఏమిటో పూర్తిగా రాస్తేనే తెలుస్తుంది.

మేం విజయవాడలో షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. పన్ను రేట్లు షాపు రకానికి ఒకటి చొప్పున చిన్న చిన్న పైథాన్ ఫైళ్లలో ఉంటాయి. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్ల మార్పు ప్రకటించింది, 22 నుంచి అమలు. నెయ్యి మీద 12 శాతం 5కి, సిమెంటు మీద 28 శాతం 18కి తగ్గాయి. కౌంటర్ దగ్గర బిల్లింగ్ ఆపకుండా కొత్త ఫైలు దింపి, ఆ మాడ్యూల్‌ని (ఇలాంటి పైథాన్ ఫైలుని అలా అంటారు) రీలోడ్ చేయడం, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే మళ్లీ చదివించడం, మా ఏర్పాటు. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే టెస్టు రాసే పని నాకు అప్పగించారు.

టెస్టు చిన్నదే. ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పాత రేటుతో ఫైలు రాయాలి, దాన్ని ఇంపోర్ట్ చేయాలి, అంటే ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకోవాలి. అదే ఫైలుని కొత్త రేటుతో తిరగరాసి, పైథాన్‌తోనే వచ్చే ఇంపోర్ట్‌లిబ్‌లోని రీలోడ్‌ని పిలిచి, విలువ మారిందో లేదో చూడాలి. నా కంప్యూటర్‌లో నెయ్యి ఉన్న కిరాణా షాపు ఫైలు టెస్టు పాసయింది. సిమెంటు ఉన్న హార్డ్‌వేర్ షాపు ఫైలు టెస్టు ఫెయిలయింది. ఫైలు తెరిస్తే 18 అని కళ్లెదురుగా ఉంది, పైథాన్ మాత్రం 28 అంటోంది. ఇదే టెస్టు ఆఫీసు సర్వర్‌లో నడిపితే రెండూ పాస్.

రెండు గంటలు తంటాలు పడ్డాక, తిరగరాయడానికి ముందు ఒక సెకను స్లీప్ (ప్రోగ్రామ్ ఊరికే ఆగి ఉండే విరామం) పెట్టాను. పాసయింది. మళ్లీ నడిపాను, మళ్లీ పాస్. గడువు దగ్గర పడుతోంది కాబట్టి అలాగే పంపించేద్దామనుకున్నాను. పంపే ముందు ఎందుకో అక్కకి చూపించాను.

ఆవిడ తప్పనలేదు, ఒప్పనలేదు. “ఒక సెకనే ఎందుకు? అర సెకను పెడితే ఏమవుతుంది?” అని అడిగారు. మా దగ్గర ఇంటర్న్‌గా ఉన్న గుడివాడ కుర్రాడు ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా కూర్చుని, అర సెకనుతో రెండు వందల సార్లు నడిపాడు. దాదాపు సగం పాస్, సగం ఫెయిల్. ఆ ఓపికకి తమ్ముడికి కూడా ఇక్కడే నా కృతజ్ఞతలు. మర్నాడు ఆ లెక్క చెప్పగానే అక్క ఇంకో ప్రశ్న వేశారు. “12 తీసి 5 పెడితే ఫైలు సైజు ఎంత మారుతుంది? 28 తీసి 18 పెడితే?”

మొదటిదానికి ఒక బైటు తగ్గుతుంది. రెండోదానికి ఏమీ మారదు.

అప్పుడు పైక్యాష్ అనే ఫోల్డర్ తెరిపించారు. పైథాన్ ఒక మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేశాక దాని బైట్‌కోడ్‌ని, అంటే తాను నేరుగా నడపగలిగేలా మార్చుకున్న రూపాన్ని, ఆ ఫోల్డర్‌లో ఒక పీవైసీ ఫైలులో దాచుకుంటుంది. అక్క నాతో ఆ ఫైలులోని మొదటి 16 బైట్లు ప్రింట్ చేయించారు. మొదటి నాలుగూ ఏ పైథాన్ వెర్షనో చెప్పేవి, తర్వాతి నాలుగూ ఫ్లాగ్‌లు. ఆ తర్వాతి నాలుగింట్లో సోర్సు ఫైలు (మనం రాసిన అసలు ఫైలు) చివరిసారి మారిన సమయం, ఆఖరి నాలుగింట్లో దాని సైజు. ఆ సమయాన్ని పూర్తి సెకన్లలోనే రాసుకుంటుంది. సమయమూ సైజూ రెండూ కలిస్తే, సోర్సు మారలేదని నమ్మి పాత బైట్‌కోడ్‌నే వాడేస్తుంది. నా టెస్టు ఒకే సెకనులో అదే పొడవున్న ఫైలుని రెండుసార్లు రాస్తోంది. రీలోడ్ తన పని తాను చేసింది, దాని చేతికి అందిందే పాత కోడ్. సర్వర్‌లోని డాకర్ (ప్రోగ్రామ్‌ని విడిగా ఒక పెట్టెలో పెట్టినట్టు నడిపే సాధనం) సెట్టింగుల్లో బైట్‌కోడ్ రాయొద్దని ఎవరో ఎప్పుడో పెట్టి ఉన్నారు, అక్కడ ఎప్పుడూ పాసవడానికి కారణం అదే.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. స్లీప్ తీసేసి, ఫైలు సమయాన్ని రెండు సెకన్లు ముందుకి జరిపితే టెస్టు కుదుటపడింది. అక్క వదల్లేదు. “మరి షాపులకి ఫైళ్లు ఎలా వెళ్తాయి?” అన్నారు.

ఆ ప్రశ్న వినగానే నా ఒళ్లు చల్లబడింది. మా అప్‌డేట్ ఒక జిప్‌గా వెళ్తుంది. ఏ కంప్యూటర్‌లో తయారుచేసినా జిప్ అచ్చం ఒకేలా ఉండాలని, లోపలి ఫైళ్లన్నిటికీ ఒకే పాత తేదీ వేస్తాం. షాపులో జిప్ విప్పాక కూడా ఫైళ్లకి అదే తేదీ ఉంటుంది, అంటే ఫైలు సమయం మారదు. హార్డ్‌వేర్ ఫైలులో మార్పంతా 28 నుంచి 18కే, కాబట్టి సైజూ మారదు. సిమెంటు షాపుల్లో కొత్త ఫైలు దిగినా, సాఫ్ట్‌వేర్ ఆపి మళ్లీ మొదలుపెట్టినా, కంప్యూటర్‌నే ఆపి మళ్లీ ఆన్ చేసినా, బిల్లు మీద 28 శాతమే పడేది. కొన్నవాళ్ల దగ్గర ఎక్కువ వసూలయ్యేది, మాట పడేది షాపు యజమాని. నేను పెట్టిన ఒక్క సెకను స్లీప్ సరిగ్గా ఆ తప్పునే కప్పేసింది.

మూడో రాత్రి బిల్లు వేసే కోడ్ చూపించమన్నారు. అందులో రేట్ల పట్టికని ఫ్రమ్ ఇంపోర్ట్ అనే పద్ధతితో నేరుగా తెచ్చుకున్నాం. అలా తెచ్చుకున్న పేరు పాత పట్టికనే పట్టుకుని ఉంటుంది, అసలు మాడ్యూల్ రీలోడ్ అయినా దానికి సంబంధం లేదు. నా టెస్టు మాడ్యూల్‌లోని విలువని చూసిందే తప్ప బిల్లులో పడే విలువని చూడలేదు. ఇప్పుడు టెస్టు బిల్లునే అడుగుతుంది. దాన్ని ప్రతిసారీ విడి ప్రాసెస్‌లో, అంటే పైథాన్‌ని కొత్తగా మొదలుపెట్టి నడుపుతున్నాం, లేకపోతే సిస్ మాడ్యూల్స్‌లో (ఇంపోర్ట్ చేసినవాటిని పైథాన్ గుర్తుంచుకునే పట్టికలో) మిగిలిపోయిన పాత మాడ్యూల్ తర్వాతి టెస్టుకి అంటుకుంటుంది.

అప్పటికప్పుడు అప్‌డేట్ దిగగానే పైక్యాష్ ఫోల్డర్‌ని చెరిపేసేలా, బిల్లు కోడ్ రేటుని ప్రతిసారీ మాడ్యూల్ నుంచే అడిగేలా మార్చాం. ఆ తర్వాత తీరిగ్గా రేట్లని జేసన్ ఫైలులోకి, అంటే కోడ్ లేకుండా సమాచారం మాత్రమే ఉండే ఫైలులోకి తరలించాం. రేటు అనేది సమాచారం, దాన్ని కోడ్‌గా రాసి రీలోడ్ మీద ఆధారపడటం మొదటి నుంచీ తప్పే అని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. రీలోడ్ మంచి పనిముట్టే, కూర్చుని ప్రయోగాలు చేసుకునేటప్పుడు. డబ్బులు లెక్కపెట్టే చోట వద్దు.

నాకు ముఖం కూడా తెలియని వాళ్లకి ఇంకో కృతజ్ఞత. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఇంపోర్ట్ వెనకాల నడిచే తతంగమంతా చాలావరకు పైథాన్‌లోనే రాసి ఉంది, అంతకుముందు సీ భాషలో ఉండేది. ఏళ్ల తరబడి ఆ పని మోసినవారు పైథాన్ డెవలపర్ బ్రెట్ క్యానన్. ఆ శ్రమ వల్లే అక్క ఇంపోర్ట్‌లిబ్ ఫోల్డర్ తెరిపించి, సమయమూ సైజూ పోల్చే వరసల్ని నాతోనే చదివించగలిగారు. సీ భాష రాని నాకు అది ఎంత పెద్ద మేలో మాటల్లో చెప్పలేను.

21 ఆదివారం. ఏలూరు రోడ్డులో ఒక హార్డ్‌వేర్ షాపు పెద్దాయన సెలవు రోజున కూడా షట్టర్ తీసి, తన కౌంటర్ కంప్యూటర్ మీద మమ్మల్ని పరీక్షించుకోనిచ్చారు. మధ్యాహ్నం ఇంటి నుంచి భోజనం కూడా తెప్పించారు. బాబాయ్ గారూ, మీ మేలు మర్చిపోను.

మర్నాడు శరన్నవరాత్రుల మొదటి రోజు. ఊరంతా కొండ వైపు నడుస్తుంటే నేను ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. పదిన్నరకి ఆయన వాట్సాప్‌లో మొదటి బిల్లు ఫొటో పంపారు. సిమెంటు పది బస్తాలు, 18 శాతం. వెంటనే అక్కకి పంపాను.

“సంతోషం. స్లీప్ ఎక్కడా మిగల్లేదు కదా?” అని జవాబొచ్చింది.

ఈ టెస్టులో మిగల్లేదక్కా. మిగతా టెస్టుల్లోనూ వెతికి మరీ చూశాను. ఇంకో రెండు దొరికాయి, వాటి కారణాలు కూడా వెతుకుతున్నాం.