కుల సత్రాలకు లేని తప్పు మా హాలుకేనా?

సంపాదకులు గారికి,

అమెరికా విశ్వవిద్యాలయాల్లో నల్లజాతి విద్యార్థుల కోసం, ఇతర శ్వేతేతరుల కోసం విడిగా నడుస్తున్న కేంద్రాలను మూసేయడం మంచిదేనంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎవరి గది వారికుంటే సమాజం ముక్కలవుతుందన్నది రచయిత బెంగ. అంతటితో ఆగి ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. చివరి పేరాలో మన ఊళ్లలోని ఎస్సీ, ఎస్టీ కమ్యూనిటీ హాళ్లను కూడా అదే గాటన కట్టేశారు. నేను కావలిలో ఉంటాను. ఎరుకల కుటుంబంలో పుట్టాను. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పకుండా ఉండలేను.

మనుషుల్ని వేరుగా పెట్టడమంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ పేరుతో మావాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు. కావలిలోనూ, బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలోనూ వాటిని నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. పేరు పిలిచినప్పుడు ఎదుట నిలబడి పలకాలి, పొలిమేర దాటాలంటే చీటీ ఉండాలి. జ్వరంతో పడుకున్న తాతయ్య బదులు తాను వెళ్లి బతిమాలుకున్న సంగతి మా నాయనమ్మ చెబుతుండేది. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. ఈ జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడితే గాని అది పోలేదు. కట్టడి పెట్టినవాడు వేరు, కట్టడిలో ఉన్నవాడు వేరు, తాళంచెవి కట్టడి పెట్టినవాడి దగ్గర. మేమే కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది అడగడాన్ని దానితో ఎలా కలుపుతారు?

మా కాలనీ హాలు ఏమంత గొప్పది కాదు. ఒకటే గది, ముందు చిన్న వరండా, గోడకు అంబేడ్కర్ పటం, పక్కన ఏకలవ్యుడి పటం. వాన పడితే తూర్పు గోడ చెమ్మ పడుతుంది. పొద్దు వాలగానే పదో తరగతి ఆడపిల్లలు చాపలు పరుచుకుని చదువుకుంటారు. ఇంట్లో ఉన్న ఒక్క గదిలో టీవీ, తమ్ముడు, తాగి వచ్చిన నాన్న మరి. ఒక మూల ఇనప బీరువా ఉంది. కుల ధ్రువీకరణ పత్రాల నకళ్లు, పింఛను దరఖాస్తులు, ఆధార్ కాగితాలు అందులోనే. పక్క వీధి యానాదుల్లో చాలామందికి పుట్టిన తేదీ రాసిన కాగితమే లేదు. అది లేక ఆధార్ లేదు, ఆధార్ లేక రేషన్ కార్డు లేదు.

మొన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే యానాది పెద్దాయన ఒకరు వచ్చారు. కార్యాలయానికి వెళితే ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని, దేనికైనా ‘అవునయ్యా’ అంటారు. పుట్టిన ఊరేదంటే అవునయ్యా, భార్య పేరేమిటంటే అవునయ్యా. దరఖాస్తు వెనక్కి రాక ఏమవుతుంది? హాల్లో చాప మీద కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, ఎరిగున్న మనుషులు అడిగితే తల్లి ఊరు, తాత ఊరు, పెద్ద తుపానుకు ఏ గట్టు మీద తలదాచుకున్నారో, ఆ ఏడే పుట్టిన కొడుకు వయసెంతో అన్నీ చెప్పుకొచ్చారు. రాసుకుంటున్న అమ్మాయి ‘తాతా, కొంచెం నెమ్మది’ అని బతిమాలవలసి వచ్చింది.

ఇప్పుడు ఈ గదిని ఖాళీ చేయించి సరుకుల నిల్వకు వాడుకుంటారన్న మాట వినిపిస్తోంది. ఊళ్లో అందరికీ కలిపి పెద్ద ఫంక్షన్ హాలు ఉంది కదా, మీకు వేరే ఎందుకని అడుగుతున్నారు. ఉంది. అద్దె కడితే మాకూ ఇస్తారు. పింఛను ఆగిపోయిందని చెప్పుకోవడానికి ఏ ముసలమ్మ వెళ్లి ఆ హాలు అద్దెకు తీసుకుంటుంది?

వ్యాస రచయితను ఒకటి అడగాలి. శ్రీశైలం వెళితే మీరు ఎక్కడ దిగుతారు? అక్కడ కులానికో సత్రం. నెల్లూరులో, ఒంగోలులో కులాల పేరున హాస్టళ్లు, కల్యాణ మండపాలు లేవా? వాటిలో ఉండి చదువుకున్నవారు ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. ఎందరో పేదపిల్లలకు అన్నం పెట్టిన చోట్లు అవి. వాటి వల్ల సమాజం ముక్కలైందని ఎవరూ వ్యాసాలు రాయలేదు. సముద్రాలు దాటిన తెలుగువారు 1977లోనే తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మొదటి మహాసభ జరుపుకున్నారు. మన పిల్లలు ఇక్కడ ఏ కులమైనా, విమానం దిగాక వారూ శ్వేతేతరులే. వారు హాలు తీసుకుని ఉగాది చేసుకుంటే, కూచిపూడి నేర్పించుకుంటే మన సంస్కృతి నిలబెడుతున్నారని మెచ్చుకుంటాం. నల్లపిల్లలు గది అడిగితే మాత్రం వేర్పాటు. ఇది ఏ కొట్లో తూకం?

అమెరికా ప్రస్తావన ఆయనే తెచ్చారు కాబట్టి అక్కడి సంగతే చూద్దాం. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ ఊళ్లో బస్సులో తెల్లవాడికి సీటు వదలనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేశారు. డిసెంబరు 5 రాత్రి నల్లవారు వేలల్లో చేరింది హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చిలో. ఇరవై ఆరేళ్ల మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడింది అక్కడే. బస్సులు ఎక్కకుండా 381 రోజులు నెగ్గుకొచ్చారంటే ఆవేశంతో అయ్యే పని కాదు. ఏ పనిమనిషిని ఎవరి కారు ఎక్కడ ఎక్కించుకోవాలి, పెట్రోలుకు చందా ఎంత పోగైంది, ఇవన్నీ ఆ చర్చిల్లోనే తేలేవి. సుప్రీంకోర్టు తీర్పుతో 1956 డిసెంబరు 21 నుంచి ఆ ఊరి బస్సుల్లో ఎవరికి నచ్చిన సీట్లో వారు కూర్చున్నారు. తమ సొంత చోట కూర్చునే అందరి బస్సునూ సాధించుకున్నారు. 1963లో బర్మింగ్‌హామ్‌లో తెల్ల దురహంకారులు బాంబు పెట్టిందీ చర్చిలోనే, చనిపోయింది నలుగురు ఆడపిల్లలు. అలాంటి చోటు విలువ గిట్టనివాళ్లకు బాగా తెలుసు. విశ్వవిద్యాలయాల్లో 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో నల్లజాతి విద్యార్థి సంఘంతో మొదలైందీ ఇలాంటిదే. ఆ పిల్లలు తరగతిలో అందరితోనే చదువుతారు, అందరితోనే పరీక్ష రాస్తారు. సాయంత్రం ఒక గంట మనవాళ్లతో కూర్చుంటామన్నారు, అంతే. 2024 జులైలో అమల్లోకి వచ్చిన రాష్ట్ర చట్టం తర్వాత యూటా విశ్వవిద్యాలయం అలాంటి కేంద్రాన్నే మూసేసింది.

మన దగ్గర మాత్రం? 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు మిగిలినవారు చీరాల వచ్చి తలదాచుకున్నది చర్చి ఆవరణలో. దళిత మహాసభ ఆలోచన రూపు కట్టింది ఆ శిబిరంలో. అందరిదీ అనుకునే గుడిలోకి, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి, దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షకు కూర్చోవలసి వచ్చింది.

మా హాళ్లలో లోపాలు లేవనను. కొన్నిచోట్ల అవి పేకాటకే పనికొస్తున్నాయి, నలుగురు మగవాళ్లు పెత్తనం చేస్తూ ఆడవాళ్లను గడప తొక్కనివ్వరు. మా దగ్గరే ఎరుకలవాళ్లు ఫ్యాను కింద కూర్చుంటే యానాదులు వరండాలో ఆగిపోయేవారు, వారిని లోపలికి పిలవడానికి మావాళ్లతోనే పోట్లాడవలసి వచ్చింది. దానికి మందు గదికి తాళం వేయడం కాదు. తాళంచెవి మహిళా సంఘానికి ఇవ్వండి, కమిటీలో యానాదులకు సగం చోటు ఇవ్వండి, కరెంటు బిల్లు కట్టండి, ఆ తూర్పు గోడ బాగుచేయించండి.

వ్యాస రచయిత గారు ఇటువైపు వస్తే తప్పకుండా హాలుకు రావాలి. గుమ్మం దగ్గర మేము ఎవరినీ కులం అడగం. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి, త్రికోణమితి చెప్పడానికి నాకు ఇంకొకరు తోడు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కావలి, నెల్లూరు జిల్లా