కెప్టెన్ టోడ్‌కూ బరిలో చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

2018లో వచ్చిన ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’ పోరాట వీడియో గేమ్‌లో 80కి పైగా పాత్రలకు చోటిచ్చిన జపాన్ గేమ్ సంస్థ నింటెండో, తదుపరి భాగంలోనైనా కెప్టెన్ టోడ్‌ను యోధుడిగా చేర్చాలని కోరుతున్నాను. 2007 నాటి ‘సూపర్ మారియో గెలాక్సీ’లో చిన్న సహాయక పాత్రగా కనిపించిన, పుట్టగొడుగు తల ఉండే టోడ్ జాతికి చెందిన ఈ అన్వేషకుడికి 2014లో సొంత ఆటే దక్కింది.

వీపున మోసే బరువైన సంచి వల్ల అతడు గెంతలేడు. దెబ్బ తిని వేదిక అంచు దాటి ఎగిరిపడినవారు తిరిగి పైకి చేరడమే కీలకమైన ఆటలో గెంతలేనివాడు ఎలా నిలుస్తాడన్నది పలువురి అభ్యంతరం. నా దృష్టిలో అతడిని మిగతావారి నుంచి వేరుచేసే గుణం సరిగ్గా అదే. సొంత ఆటలో అతడు నేలలోంచి టర్నిప్‌లు పీకి విసురుతాడు, గుద్దలితో ఇటుకలు పగలగొడతాడు, జంట చెర్రీని అందుకుని తనలాంటి మరొకడిని పుట్టిస్తాడు. అందులోని గని బండినే గాలిలోంచి వేదికపైకి చేర్చే సాధనంగా మలిస్తే, గెంతే అవసరం లేకుండానే కొత్త పోరాట శైలి రూపుదిద్దుకుంటుంది.

గొట్టంలోంచి తల చాచి కొరకడమే పనిగా ఉన్న పిరానా ప్లాంట్ అనే మొక్క సైతం 2019లో యోధుల జాబితాలో చేరింది. టోడ్ జాతి మాత్రం ఇప్పటికీ అదే ఆటలోని యోధురాలు రాకుమారి పీచ్ దెబ్బలు కాచుకునేందుకు వాడే కవచంగానే మిగిలింది. మారియో లోకంలో ఇంత పాత జాతికి ఇది తీరని అన్యాయం.

ఇట్లు,
ఒక పాఠకుడు