రేడియో పెట్టెలు భద్రంగా ఉన్నాయి, మరి పాటలు?

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న మీ ఆదివారం సంచికలో పాత రేడియో సెట్లు పోగుచేసే ఒక పెద్దాయన గురించి రెండు పేజీల నిండా ఫొటోలు వేశారు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, చెక్కపెట్టె వాల్వు సెట్లు, తోలు తొడుగు ట్రాన్సిస్టర్లు. చూడముచ్చటగా ఉన్నాయి. పన్నెండేళ్ల మా మనవడు కూడా పేపరు లాక్కుని చూశాడు. చూసి, "అమ్మమ్మా, వీటిలో ఏం పాటలొచ్చేవి? ఒకటి వినిపించు" అన్నాడు.

సినిమా పాటలైతే ఫోనులో క్షణంలో దొరికాయి. రేడియో పాటల దగ్గరే చిక్కొచ్చింది. అంటే రేడియో వాళ్లు కవులతో రాయించి, వరస కట్టించి, తమ స్టూడియోలో పాడించినవి. నాకు కంఠతా వచ్చిన పన్నెండు పాటల కోసం గంటసేపు వెతికితే మూడు దొరికాయి. ఆ మూడూ ఎవరో శ్రోతలు ఇంట్లో క్యాసెట్లలో పట్టుకుని, గరగరతో సహా పెట్టినవి. ఆ పుణ్యాత్ములు ఎవరో గానీ వాళ్లకు దణ్ణం.

నేను గుడివాడలో నలభై ఏళ్లుగా పిల్లలకు సంగీతం చెబుతున్నాను. గురువుగారి దగ్గర సరళీస్వరాలు మొదలుపెట్టకముందే మా వంటింటి గూట్లో ఉన్న ట్రాన్సిస్టరు దగ్గర నా చదువు మొదలైంది. "ఈ మాసపు పాట" అని వచ్చేది, నెలంతా అదే పాట. పెన్సిలు చెక్కుకుని, రూళ్ల నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. పాడేవాళ్లు మనకోసం ఆగరు కదా. సగం పంక్తి రాసేలోపు వాళ్లు చరణంలోకి వెళ్లిపోయేవాళ్లు. సరిగ్గా అప్పుడే అమ్మ పోపు వేసేది, ఆ చిటపటల్లో ఒక మాట పోయేది. సెల్లులు అయిపోవస్తే పాడే ఆవిడ గొంతు బొంగురుపోయేది. వాటిని తీసి పిట్టగోడ మీద ఎండలో పెడితే ఇంకో రెండు రోజులు లాక్కొచ్చేవి.

నాకు దొరకని మాట ఎదురింటి పిన్నిగారి పుస్తకంలో ఉండేది. ఆవిడకు దొరకనిది నా దగ్గర ఉండేది. మూలింటి వాళ్ల కోడలు కాస్త సంగీతం వచ్చిన మనిషి, రాగం పేరు ఆవిడ చెప్పేది. నెలాఖరుకు నాలుగిళ్ల నోటుబుక్కులు దగ్గర పెట్టుకుంటే ఒక పాట పూర్తయ్యేది. అట్లతద్దికో, ఎవరింట్లోనో పేరంటానికో అందరం కలిసి పాడేవాళ్లం. ఏ టేపూ లేకుండానే వీధంతటికీ పాట వచ్చేది.

ఒక్క పాట మాత్రం పూర్తి కాలేదు. 1979లో అనుకుంటా. రెండో చరణంలో మూడో పంక్తి మా నలుగురిలో ఎవరికీ అందలేదు. పుస్తకంలో అక్కడ చుక్కలు పెట్టి వదిలేశాను. ఇప్పటికీ పిల్లలకు ఆ పాట నేర్పేటప్పుడు అక్కడికి రాగానే "లలలా" అని దాటిస్తుంటాను. పాటలో అంతే ఉందనుకుని వాళ్లూ "లలలా" అనే పాడుతున్నారు.

ఈ పాటల పుట్టుక గురించి కుర్రవాళ్లకు తెలియదు, వాళ్లను అని లాభం లేదు. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి పాడిన "మాదీ స్వతంత్ర దేశం" రాసిందీ, వరస కట్టిందీ రేడియో ఉద్యోగి బాలాంత్రపు రజనీకాంతరావు గారే. 1948 డిసెంబరు 1న బెజవాడ కేంద్రం వచ్చింది. ఆ తర్వాత రజనిగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటి సంగీత విద్వాంసులు అక్కడ పనిచేశారంటే ఆ భవనంలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి. తెల్లవారుజామున భక్తిరంజని పెడితే, వాకిట్లో కళ్లాపి చల్లుతూనే తత్వాలూ, అధ్యాత్మ రామాయణ కీర్తనలూ చెవిన పడేవి. పాలగుమ్మి విశ్వనాథం గారు రాసి వరస కట్టగా వేదవతీ ప్రభాకర్ గారు పాడిన "అమ్మదొంగా" విని కళ్లు తుడుచుకోని తల్లి మా తరంలో లేదు. అది ఏ సినిమాలోనిదని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు! సినిమా కాదు, కచేరీ కాదు. లలిత సంగీతం అని పేరుపెట్టి, ఆ మధ్యదారిలో ఒక తోట వేసి పెంచింది రేడియోనే.

రేడియో తప్పులే చేయలేదని నేననను. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన కేస్కర్ గారు సినిమా పాటను ఆకాశవాణి నుంచి దాదాపు గెంటేశారు. జనం ఊరుకున్నారా? ముల్లు తిప్పి సిలోను, అంటే శ్రీలంక రేడియో, పట్టుకున్నారు. తెలుగువాళ్లకు అక్కడ తెలుగు పాటలు వినిపించే అనౌన్సరు మీనాక్షీ పొన్నుదురై గారు ఉండనే ఉన్నారు. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టి మళ్లీ సినిమా పాటను ఇంట్లోకి పిలుచుకోవాల్సి వచ్చింది. పాపం, హార్మోనియాన్ని అయితే మూడు దశాబ్దాలు గడప తొక్కనివ్వలేదు. ఇక ఆడిషన్ల సంగతి చెప్పాలా? నేను రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తప్పాను. అది వాళ్ల తప్పు కాదులెండి, నాకు పైస్థాయి పంచమం దగ్గర వణుకు.

సినిమా పాటలు వేసినా రేడియో ఒక పద్ధతి పాటించేది. పాటకు ముందు చిత్రం పేరు, రాసినవారు, సంగీతం కూర్చినవారు, పాడినవారు, అన్నీ చెప్పాకే పాట. పింగళి, ఆత్రేయ, పెండ్యాల, సాలూరి, ఈ పేర్లు మాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. రోజుకు పదిసార్లు వింటే నాటుకుపోయాయి. మా అమ్మ అయిదో తరగతి చదివింది. ఎత్తుగడ వినగానే ఇది ఫలానావారి రచన అని చెప్పేది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని అడిగితే పాడినవాళ్ల పేరు చెబుతారు, హీరో పేరు తప్పకుండా చెబుతారు, రాసినాయన పేరు అడిగితే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు.

2006లో హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చినప్పుడు నేను సంతోషించినదాన్నే. గలగలా మాట్లాడే కుర్రగొంతులు, ముల్లు తిప్పే పనిలేని స్పష్టమైన ధ్వని. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా పెట్టించుకునేదాన్ని. కొన్నాళ్లకు తెలిసింది, పొద్దున విన్న పాటలే మధ్యాహ్నమూ, మధ్యాహ్నం విన్నవే రాత్రీ. ప్రకటనల మీద బతకాలి కనుక కొత్తగా వచ్చిన సినిమా పాటే వేస్తారు, ఆ లెక్క నాకు అర్థమవుతుంది. అందుకే ఒక కవిని పిలిచి పాట రాయించమని వాళ్లను అడగను. అది ప్రజల డబ్బుతో నడిచే రేడియో చేయాల్సిన పని.

ఫోను సంగతి కూడా చెప్పేస్తాను. నేనూ వాడతాను. ఆకాశవాణి యాప్‌లో ఇప్పుడు ఏ ఊరి కేంద్రమైనా ఎక్కడ కూర్చునైనా వినవచ్చు, డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి వింటున్నాడు కూడా. అయితే ఫోను మనం అడిగిందే ఇస్తుంది. అడగనిది ఇవ్వడం రేడియో గుణం. పాడిపంటలు అనే వ్యవసాయ కార్యక్రమం కోసం రేడియో పెట్టిన రైతు చెవిన వీణ పడేది, సినిమా పాట కోసం కాచుకున్న కుర్రాడికి మధ్యలో ఒక ఎంకి పాట తగిలేది. ఆ పిలవని పేరంటం ఇప్పుడెక్కడుంది?

రెండేళ్ల కిందట ఒక రేడియో కేంద్రానికి ఫోన్ చేశాను, ఏ కేంద్రమో ఎందుకులెండి. నా చుక్కల పంక్తి సంగతి చెప్పి, పల్లవి ఫోనులోనే పాడి వినిపించాను. అవతలి ఆయన మర్యాదస్తుడు. ఓపిగ్గా విని, "బాగా పాడారమ్మా" అన్నారు. "ఆ టేపు ఉండకపోవచ్చు. ఒకవేళ ఉన్నా ఎందులో ఉందో చెప్పగలిగినవాళ్లు రిటైరైపోయారు" అన్నారు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన సరుకు, ఉన్నదాన్ని తుడిచి మళ్లీ వాడుకునేవారు, అది నాకూ తెలుసు. పోయినదాని కోసం ఎవర్నీ నిందించను. ఏది మిగిలిందో, ఏది పోయిందో కూడా చెప్పలేకపోవడమే నాకు మింగుడుపడలేదు.

అందుకని ఆకాశవాణి వారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మొట్టమొదట తెలుగు కేంద్రాలన్నీ తమ దగ్గర మిగిలిన లలిత గీతాల జాబితా బయటపెట్టాలి. పాటలు తర్వాత, ముందు జాబితా: పల్లవి, కవి, వరస, గొంతు, ఏడాది. దానికి పెద్ద ఖర్చు లేదు, గుమాస్తా ఒకరు, పాత ఉద్యోగి ఒకరు ఆరు నెలలు కూర్చుంటే అయ్యే పని. జాబితాలో లేనివి శ్రోతల ఇళ్లలో ఉంటాయి. క్యాసెట్లు పట్టుకు రండి, నకలు తీసుకుని మీవి మీకిచ్చేస్తాం అని రేడియోలోనే ఒక ప్రకటన చేస్తే జనం బారులు తీరతారు. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి వాళ్లు తమ భాండాగారంలోంచి మహావిద్వాంసుల కచేరీలు యూట్యూబులో పెడుతున్నారు, మంచిదే. మన లలిత గీతాలకూ ఆ పంక్తిలో ఒక విస్తరి వేయమంటున్నాను. హక్కుల చిక్కులుంటాయని అంటారు. మన చట్టంలో శబ్దముద్రణకు అరవై ఏళ్లే హక్కు, తొలినాళ్ల రికార్డింగులకు ఆ గడువు తీరనే తీరింది. రచన హక్కు వేరు, కవుల వారసులను అడగాలి. అడిగితే కాదనేవాళ్లు ఎందరుంటారు? తాతగారి పాట మళ్లీ వినపడుతుందంటే ఎదురొచ్చి సంతకం పెడతారు.

ఆ తర్వాత ఈ మాసపు పాట. పాతవాటిని మళ్లీ వేయడం కాదు, ఇప్పటి కవులతో కొత్తవి రాయించి, నెలంతా వినిపించి, సాహిత్యం యాప్‌లో పెట్టాలి. పోపు చప్పుడులో మాట పోయినా పిల్లలు చూసి దిద్దుకుంటారు. నేర్పడానికి ఊరికొక సంగీతం టీచరు ఉన్నారు, జీతం అడగం.

నా దగ్గర ఇరవై మూడు క్యాసెట్లున్నాయి. రెండింటికి బూజు పట్టింది, మిగతావి పలుకుతున్నాయి. ఎవరు నకలు తీసుకుంటామన్నా ఇస్తాను. నేను చెప్పిన ఆ అసంపూర్తి పాటను, రెండో చరణంలో చుక్కలతో సహా, వేరే కాగితం మీద రాసి ఈ ఉత్తరానికి జతపరుస్తున్నాను. చోటుంటే వేయండి. 1979 ప్రాంతంలో పెన్సిలు పట్టుకుని రేడియో ముందు కూర్చున్న మరో ఇల్లాలు ఎక్కడైనా ఉంటే, ఆ పంక్తి ఆవిడ పుస్తకంలో ఉండొచ్చు.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
గుడివాడ